షోదోను ‘నగిషీ రాత’ అనొచ్చా?

అందరికీ నమస్కారం. జపాన్ సాహిత్య పత్రికల అట్టల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ‘షోదో’ (జపాన్‌లో కుంచెతో, సిరాతో అక్షరాలు రాసే కళ) అని వచ్చినచోట ‘నగిషీ రాత’ అని పెట్టాను. చదివిన స్నేహితురాలు “అక్షరాలకు నగలు తొడిగినట్టుంది” అంది. ఇంతకన్నా మంచి మాట ఉందా?

*

మీ స్నేహితురాలు సరిగ్గానే పట్టుకున్నారండీ. నగిషీ అంటే ఓపిగ్గా చెక్కే పని, దిద్దే పని. చేర్యాల పటాలు వేసే నకాషీల పేరు కూడా ఈ కుదురుదే. షోదోలో దిద్దడమే ఉండదు. ఒకసారి గీసిన గీత మీద మళ్ళీ కుంచె పెట్టకూడదు. సిరా తగ్గి గీత మధ్యలో కాగితం తెల్లగా కనిపిస్తే దాన్ని ‘కసురే’ అంటారు. అది తప్పు కాదు, దానికీ ఒక అందం ఉందంటారు. అందుకే నాకు ‘కుంచె రాత’ నచ్చుతుంది.

పత్రిక పేరును చేత్తో రాయించి అట్ట మీద వేస్తే ఆ రాత ‘దైజి’. దై అంటే శీర్షిక, జి అంటే అక్షరం. ఇక్కడ మాత్రం మనకు చక్కటి మాట ఉంది: దస్తూరి. బాపు అక్షరాలను మనం నగిషీ అనం కదా, బాపు దస్తూరి అంటాం. అందులో మనిషి కనిపిస్తాడు.

‘హొతొతొగిసు’ పత్రిక గురించి తప్పకుండా రాయండి. 1897లో మత్సుయామాలో మొదలైన హైకూ పత్రిక అది. హొతొతొగిసు కోకిల జాతి పక్షి. రక్తం కక్కేదాకా కూస్తుందని అక్కడ చెప్పుకుంటారు. పత్రికకు వెన్నెముకగా నిలిచిన హైకూ కవి మసఒకా షికికి క్షయ. రక్తం కక్కుకున్నాకే ‘షికి’ అని కలం పేరు పెట్టుకున్నాడు. అదీ ఆ పక్షి పేరే! చైనా అక్షరాల్లో ‘హొతొతొగిసు’ అన్న పేరును నాలుగైదు రకాలుగా రాయొచ్చు. పత్రిక మాత్రం మొదట మెత్తగా వంపులు తిరిగే హిరగానా లిపిలో, తర్వాత కోణాలున్న కటకానా లిపిలో పేరు వేసుకుంది. చెవికి ఒకటే పేరు, కంటికి రెండు. ఒకే లిపి ఉన్న మనకు ఈ వీలు లేదు. నాకు అసూయగానే ఉంటుంది.

ఆ పత్రికకు బొమ్మలు వేసిన నకమురా ఫుసెత్సు చిత్రకారుడే కాదు, కుంచె రాతలో పేరున్నవాడు కూడా. టోక్యోలో షికి ఉన్న ఇంటికి ఎదురుగానే 1936లో ఆయన కుంచె రాతల మ్యూజియం పెట్టాడు.

*

ఒక సందేహమండీ. నత్సుమే సోసెకి 1914లో ‘కొకొరో’ నవలకు తనే అట్ట రూపొందించుకున్నాడు. అందులో ఉన్నవి పాతకాలపు చైనాలో డోలు ఆకారపు రాళ్ళ మీద చెక్కిన అక్షరాల నుంచి కాగితం మీదికి తీసిన అచ్చులు. మరి అక్కడ నగిషీ కుదరదా?

*

మంచి ప్రశ్న. చెక్కినవే, కానీ సోసెకి వాటిని చెక్కలేదు, ఎంచుకున్నాడు. అది దైజి కాదు, ‘సోతెయ్’, అంటే పుస్తక రూపకల్పన. ‘మ్యోజో’ పత్రికకు చిత్రకారుడు ఫుజిషిమా తకేజి యూరప్ ఆర్ట్ నువో (తీగల్లా వంపులు తిరిగే అలంకార శైలి) ఛాయలతో వేసిన అట్టలనూ కుంచె రాతతో కలపకూడదు. అవి ముఖచిత్రాలు. వ్యాసంలో ఈ మూడింటినీ విడివిడిగా ఉంచితే ఒక్క మాట మీద అంత బరువు పడదు.

*

ధన్యవాదాలండీ. ‘నగిషీ’ మొత్తం తీసేశాను. షోదోకు ‘కుంచె రాత’, దైజికి ‘దస్తూరి’. మొదటిసారి వచ్చినచోట జపనీస్ మాట కూడా పక్కనే ఉంచుతున్నాను.