పై వాటాలో అర్ధరాత్రి గ్రైండర్ మోత

ప్రశ్న:
తిరుపతి కొర్లగుంటలో అద్దెకు ఉంటున్నాము. పై వాటావారు ఇంట్లోనే దోసెపిండి రుబ్బి అమ్ముతారు. రాత్రి పదకొండు దాటాక గ్రైండర్ వేస్తే మా పైకప్పు అదిరి, అలమరలోని స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. రెండుసార్లు మర్యాదగా చెప్పినా "బతుకుతెరువండీ" అన్నారు, అదీ నిజమే. ఫిర్యాదు చేయవచ్చునా?

జవాబు 1:
చేయవచ్చునండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమావళి ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్; శబ్దం ఈ పరిమితిని 10 డెసిబెల్స్, ఆపైన దాటితే ఫిర్యాదు చేసుకోవచ్చు. తేదీలు, వేళలు రాసిపెట్టుకొని పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి. మోత సాగుతుండగానైతే 112కు ఫోన్ చేయండి.

జవాబు 2:
అంతకంటే ముందు గ్రైండర్ కింద మందపాటి రబ్బరు షీటు వేయించండి. మిమ్మల్ని బాధిస్తున్నది గాలిలో వచ్చే శబ్దం కన్నా స్లాబు గుండా దిగే అదురే. మా ఇంట్లో గోడకు ఆనించిన గ్రైండర్‌ను జానెడు ఇవతలికి జరపడంతోనే సగం తగ్గింది. షీటు ఖర్చు మీరే పెట్టుకుంటే అడగడం సులువు.

ప్రశ్న వేసినవారు:
ఇంటి యజమాని ఎదుట మాట్లాడుకున్నాము. రబ్బరు వేశారు, తొమ్మిదిన్నరకే ముగిస్తామన్నారు. ఆదివారం గిరాకీ కోసం శనివారం రాత్రి మాత్రం మినహాయింపు కావాలట.