ఆర్మీ డాక్టరును యుద్ధవీరుడు అనొచ్చా? రంగరాజ్ విషయంలో మా ఇంట్లో తెగని వాదన

బ్రాడీపేట మాస్టారు:
మా తమ్ముడి కూతురు గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుతోంది. చదువయ్యాక ఆర్మీలో చేరతానంటే మా బాబాయి, "తుపాకీ పట్టనివాళ్ళు సైనికులెట్టా అవుతారమ్మా?" అన్నాడు. నేను లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్ సంగతి ఎత్తాను.

కొరియా యుద్ధానికి మన దేశం పోరాడే దళాలను పంపలేదు. 1950లో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్య దళాన్ని పంపింది. దానికి అధిపతి రంగరాజ్. ఆ డిసెంబరులో చైనా సేనలు ముంచుకొస్తుంటే ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ ఖాళీ చేయమన్నారు. సామాన్లకు బండ్లు లేవు, వదిలేసి రమ్మన్నారు. ఆపరేషన్ సామాన్లు వదిలేశాక డాక్టర్లు ఉండి మాత్రం ఏం చేస్తారు? ఎక్కడో ఒక రైలింజన్ వెతికి పట్టుకున్నారు. బకెట్లతో నీళ్ళు మోసి బాయిలర్ నింపారు. అన్నీ ఎక్కించుకుని, వంతెన పేల్చేసేలోపే నది దాటారు! 1951 మార్చి 23న అమెరికన్ పారాట్రూపర్లతో పాటు ఆయన బృందం కూడా దక్షిణ కొరియాలోని మున్సాన్ దగ్గర విమానం నుంచి దూకింది. ఆయనకు మహావీర చక్ర వచ్చింది. అది శత్రువు ఎదుట చూపిన సాహసానికి ఇచ్చే పతకం. ఇది వీరత్వం కాదా?

కృష్ణలంక నుంచి:
మాస్టారూ, మా నాన్న 1971లో జవాను. డాక్టర్లంటే మాకు ప్రాణం. అయినా ఆ మాట వద్దంటాను. జెనీవా ఒప్పందం వైద్యుల మీద దాడి చేయకూడదంటుంది. వాళ్ళు యుద్ధం చేయరు కాబట్టే ఆ రక్షణ. మనమే యుద్ధవీరులని పిలిస్తే ఆ గీత చెరిగిపోదా? ఒక పక్షంతో కలిసి దూకడం కూడా నాకు మింగుడు పడలేదు.

రాత్రి డ్యూటీ నర్సు, గుంటూరు:
కొట్లాటలో కొట్టినవాడూ దెబ్బలు తిన్నవాడూ ఒకే ఆటోలో క్యాజువాలిటీకి వస్తారండీ. ఎవరికి రక్తం ఎక్కువ పోతుంటే వాళ్ళనే ముందు చూస్తాం. బయట బంధువులు తిడుతూనే ఉంటారు. 1949 జెనీవా ఒప్పందం 12వ అధికరణం చెప్పేదీ అదే. ముందు ఎవరికి వైద్యం అన్నది గాయాన్ని బట్టే, యూనిఫాంను బట్టి కాదు. గుళ్ళ మధ్య ఆ పని చేసినవాళ్ళను ఏమని పిలిచినా నాకు అభ్యంతరం లేదు.

బ్రాడీపేట మాస్టారు:
కృష్ణలంక గారూ, గీత చెరగకూడదన్న మాట ఒప్పుకుంటాను. కానీ ఆ దళంలో ఒక భాగం దక్షిణ కొరియాలోని తేగు నగరంలో మామూలు జనానికి కూడా వైద్యం చేసింది. రంగరాజ్ తరవాత ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున అఫ్గానిస్తాన్‌లో మశూచిని తరిమే పనిలోకి వెళ్ళారు. ఎక్కడికి వెళ్ళినా చేసింది వైద్యమేనండీ. "యుద్ధ" అన్న మాట తీసేయమంటే తీసేస్తాను, "వీరుడు" మాత్రం తీయను.

మీ మాటలన్నీ బాబాయికి చదివి వినిపించాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. రైలు సంగతి మాత్రం మళ్ళీ చెప్పమన్నాడు.