సమయం చాలనప్పుడు వాక్యం, ప్రార్థన, పరిచర్య: ఏది ముందు?

ప్రశ్న:
అందరికీ వందనాలు. ఉద్యోగం, పిల్లలు, వారంలో మూడు సాయంత్రాలు సంఘం పనులు. ఏడాదిలో బైబిల్ ముగించే ప్లాన్ రెండోసారీ మధ్యలో ఆగింది. ప్రార్థన పడుకునే ముందు సగం నిద్రలో. కుటుంబ ప్రార్థన అసలే లేదు. వీటిలో ఏది ముందు, ఏది తగ్గించుకోవచ్చు?

జవాబు 1:
బ్రదర్, అలాంటి ప్లాన్లు ఎక్కువగా ఆగేది లేవీయకాండము దగ్గరే. బైబిల్లో 1,189 అధ్యాయాలు, అంటే రోజుకి మూడు నాలుగు. ఆదికాండము 50, నిర్గమకాండము 40 అయ్యేసరికి జనవరి నెలాఖరు. అక్కడినుంచి బలుల నియమాలు. నాలుగు రోజులు తప్పితే 13 అధ్యాయాల బాకీ. ఆ బాకీ తీర్చాలని గబగబా చదువుతారు, ఏమీ ఎక్కదు, పుస్తకం మూతపడుతుంది.

కొత్త నిబంధనతో మొదలుపెట్టండి. 260 అధ్యాయాలు: వారానికి ఐదు రోజులు, రోజుకి ఒకటి, 52 వారాల్లో సరిగ్గా అయిపోతుంది. మిగతా రెండు రోజులు తప్పిపోయినవాటికి. చదివాక ఒక్క వచనం తీసుకుని దాన్నే ప్రార్థనగా మార్చండి. అంతా కలిపి పావుగంట. ఫోన్లో చదివేటట్టయితే ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. ఒక్క మెసేజ్ చాలు, ఆ పావుగంట గల్లంతు.

జవాబు 2:
లెక్క బాగుంది గానీ, అసలు చిక్కు ఆ మూడు సాయంత్రాల దగ్గరుంది. మార్కు 1 చూడండి. సాయంత్రం పట్టణమంతా వాకిట్లో చేరింది. తెల్లవారకముందే యేసు ఒంటరిగా ప్రార్థనకు వెళ్ళాడు. అందరూ వెదుకుతున్నారని శిష్యులు చెబితే, వేరే ఊళ్ళకు వెళ్దామన్నాడు. వచ్చిన ప్రతి అవసరాన్నీ ఆయన కూడా నెత్తిన వేసుకోలేదు. అపొస్తలుల కార్యములు 6లో విధవరాండ్రకు ఆహారం పంచడం చిన్న పనేమీ కాదు, అయినా దాన్ని ఏడుగురికి అప్పగించారు.

ఒక్కో బాధ్యత పక్కన "ఇది ఇంకెవరు చేయగలరు?" అని రాసుకోండి. పేరు దొరికినదాన్ని నాలుగు వారాలు పక్కనుండి నేర్పించి వదలండి. ఉన్నట్టుండి మానేస్తే సంఘానికి ఇబ్బంది, మీకు మనసులో ముల్లు. ఖాళీ అయిన సాయంత్రానికి కుటుంబ ప్రార్థన ముందే రాసిపెట్టుకోండి, లేకపోతే ఆఫీసు పని వచ్చి కూర్చుంటుంది. పది నిమిషాలు చాలు: ఒక పాట, ఒక చిన్న కీర్తన, ఒక్కొక్కరిదీ ఒక మనవి. అక్కడ ప్రసంగం మాత్రం వద్దు, పిల్లలు పారిపోతారు!

జవాబు 3:
యేసు ఇంటికి వచ్చినప్పుడు ఉపచార పనుల్లో మునిగిపోయిన మార్తను అడ్డం పెట్టి ఇంటిపనిని తక్కువ చేయకండి. లూకా 10లో యేసు తప్పుపట్టింది పనిని కాదు, అనేకమైన వాటి గురించి తొందరపడటాన్ని. యోహాను 12:2లో ఆమె మళ్ళీ ఉపచారం చేస్తూనే ఉంది, అక్కడ ఎవరూ ఏమీ అనలేదు.

ప్రశ్న అడిగినవారు:
రాత్రి ప్రార్థన మానేయవచ్చా మరి?

జవాబు 1:
వద్దు, చిన్నది చేయండి. రాత్రికి కృతజ్ఞత, ఒప్పుకోలు, రెండు నిమిషాలు. విజ్ఞాపన, అంటే ఇతరుల కోసం చేసే ప్రార్థన, ఉదయానికి మార్చండి. 30 పేర్లు రోజూ చదివితే బళ్ళో హాజరు పిలిచినట్టుంటుంది. రోజుకి ఐదేసి పేర్లు, ఆరు రోజులకు పంచండి. ఆదివారం ఖాళీగా ఉంచి, జవాబు వచ్చిన మనవులు కొట్టేసి కొత్తవి చేర్చుకోండి.