తప్పు రైఫిల్‌దా, అమ్మాయిదా? క్రోనోగ్రాఫ్ కొనే ముందు ఒక సందేహం

అల్వాల్ అమ్మ:

మా అమ్మాయికి పదహారేళ్లు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తోంది. అల్వాల్ నుంచి రేంజ్‌కు వెళ్లి రావడానికే రోజుకు మూడు గంటలు పోతుంది. వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కూర్చుని నేనూ సగం షూటింగ్ నేర్చుకున్నాను, రైఫిల్ మాత్రం ఎప్పుడూ పట్టలేదు. నాకు వచ్చిన విద్య పద్దులు. ఒక సహకార బ్యాంకులో ఇరవై రెండేళ్లుగా చిట్టా, ఆవర్జా సరిచూస్తున్నాను. లెక్క కుదరకపోతే ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు.

ఇప్పుడు కుదరని లెక్క ఇది. దసరా వరకు అరవై షాట్లకు 622, 623 తెచ్చుకునే పిల్ల ఇప్పుడు 616 దగ్గర ఆగిపోతోంది. షాట్లు కుడికీ ఎడమకీ చెదరడం లేదు. అన్నీ బాగా పడుతూ పడుతూ ఉండగా ఒకటి నిటారుగా పైకి పోయి 10.2 చూపిస్తుంది (షాటుకు గరిష్ఠం 10.9). ఊపిరి నిలపడంలో లోపం అంటారు కోచ్ గారు. రెగ్యులేటర్ (ప్రతి షాటుకూ గాలి ఒత్తిడిని ఒకే తీరుగా ఉంచే భాగం) పోయి ఉంటుంది, ఇచ్చి వెళ్లండి, నెల పడుతుంది అంటాడు మెకానిక్. మాది సెకండ్ హ్యాండ్ రైఫిల్, పైగా ఎడమచేతి వాటానిది. నెల రోజులు ఇచ్చేస్తే మారుగా ఇంకొకటి దొరకదు. వీళ్లిద్దరి మధ్యా అమ్మాయి "తప్పు నాదేలేమ్మా" అనేసి అన్నం దగ్గర నుంచి లేచిపోతోంది.

పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ కొట్టే చిన్న గుండు) వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ అని ఒకటి ఉంటుందట. అది ఉంటే తప్పు ఎవరిదో తేలుతుందా? తేలేటట్లయితే ఏ రకం కొనాలి? రెండు వేల నుంచి అర లక్ష దాటే వరకు ధరలు కనిపిస్తున్నాయి, తేడా ఏమిటో అర్థం కావడం లేదు. మేము వాడేది 0.53 గ్రాముల పెల్లెట్.

పది పాయింట్ ఎనిమిది:

అక్కా, కొనవద్దు. నేను కొన్నాను కాబట్టి చెబుతున్నాను. కొన్న కొత్తలో మూడు నెలలు గురి మీద కాదు, అంకెల మీదే నా ధ్యాస. నిన్న సెకనుకు 174 మీటర్లు వచ్చింది, ఇవాళ 171 వచ్చింది, ఎందుకు తగ్గింది అని పెల్లెట్లు మార్చాను, డబ్బాలు మార్చాను, ఒక్కొక్క పెల్లెట్‌నూ తూకం వేశాను. స్కోరు మాత్రం ఉన్నచోటే ఉంది. ఇప్పుడా పరికరం మా తార్నాక ఇంట్లో అటక మీద ఉంది. ఆప్టికల్ రకం, రెండు కళ్లకూ మధ్య ముప్పై సెంటీమీటర్లు. కావాలంటే వచ్చి తీసుకెళ్లండి, తొందరగా తిరిగి ఇవ్వనక్కరలేదు.

టార్గెట్ లెక్క మీకు తెలిసే ఉంటుంది. నడి చుక్క అర మిల్లీమీటరు. ఒక వలయానికీ తర్వాతి వలయానికీ మధ్య 2.5 మిల్లీమీటర్లు, అంటే 0.1 పాయింటుకు పావు మిల్లీమీటరు. ఒక షాట్ 10.9 బదులు 10.2 అయిందంటే మిల్లీమీటరున్నర పైచిలుకు జరిగిందన్నమాట. ఆ మాత్రం ఊపిరి వల్లా జరగవచ్చు, గాలి వల్లా జరగవచ్చు. కోచ్ గారిని అప్పుడే పక్కన పెట్టకండి.

మూసారాంబాగ్ రిటైర్డ్:

అమ్మా, ముప్పై నాలుగేళ్లు కొలత పరికరాలు బాగుచేసి బతికినవాణ్ణి. ఓపికగా చదవండి.

సగటు వేగం ఎంత అన్నది మీకు పెద్దగా అక్కరలేదు. మీ రైఫిల్ 168 కొడుతుందా, 175 కొడుతుందా అన్నది సైట్లు (గురి చూసే భాగాలు) సరిచేసుకుంటే సర్దుకుపోయే విషయం. మీరు చూడవలసింది షాటుకూ షాటుకూ మధ్య తేడా. పది మీటర్ల దూరంలో పెల్లెట్ భూమి లాగుడుకు ఎంత దిగుతుందో లెక్కేయండి. గాలి అడ్డును వదిలేస్తే, సెకనుకు 172 మీటర్ల వేగానికి 16.6 మిల్లీమీటర్లు. 170కి 17.0, 174కి 16.2. నాలుగు మీటర్ల తేడాకు నిలువునా ముప్పాతిక మిల్లీమీటరు. స్కోరు లెక్కలో 0.3 పాయింటు. పక్కకు తేడా రాదు. మీరు చెప్పింది ఇలాంటి నిలువు తేడానే కాబట్టి కొలవడంలో అర్థం ఉంది.

రకాల సంగతి. ఆప్టికల్ దానికి రెండు కళ్లు. మొదటి కంటి మీద పెల్లెట్ నీడ పడగానే గడియారం మొదలవుతుంది, రెండో కంటి మీద పడగానే ఆగుతుంది. మధ్య దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం. ముప్పై సెంటీమీటర్లు దాటడానికి మీ పెల్లెట్‌కు సెకనులో వెయ్యో వంతులు ఒకటిముప్పావు పడుతుంది, అంతే. అందుకే దాని చట్రం గట్టిగా ఉండాలి. మూడు మిల్లీమీటర్లు వంగితే నూటికి ఒకటి తప్పు. చవకది కొంటే ముందుగా చేత్తో మడిచి చూడండి, ఊగితే కొట్లోనే వదిలేయండి. గొట్టం రకం కూడా ఉంది, బ్యారెల్ మూతికి ఎదురుగా పెడతారు. దీపాలు దానిలోనే ఉంటాయి కనుక గది వెలుతురుతో పని లేదు. రాడార్ రకం పక్కన పెట్టుకుంటే చాలు, పెల్లెట్ దాని గుండా పోనక్కరలేదు. దూరమయ్యే రైలు కూత మారినట్టు, దూరమయ్యే పెల్లెట్ మీద నుంచి తిరిగివచ్చే తరంగం మారుతుంది, ఆ మార్పులో నుంచి వేగం పట్టుకుంటుంది. 2023లో వచ్చిన గార్మిన్ జీరో సీ1 ప్రో ఈ కోవదే. సెకనుకు 100 అడుగుల నుంచి 5,000 అడుగుల వరకు కొలుస్తుంది. సుఖమైన వస్తువే, కాని ఒక్క అనుమానం తీర్చుకోవడానికి అంత డబ్బు పెట్టమని నేను చెప్పను. బ్యారెల్‌కు బాకులా కట్టే అయస్కాంత రకం తూటా తుపాకులకు. మీకు వద్దే వద్దు.

తార్నాక అబ్బాయిది తెచ్చుకోండి. మూతికి ఒక మీటరు దూరంలో పెట్టి, ఆ దూరం మార్చకండి. మీటరు మీటరుకూ పెల్లెట్ ఒకటో రెండో మీటర్ల వేగం పోగొట్టుకుంటుంది కాబట్టి ఇవాళ ఒకచోట, రేపు ఒకచోట పెడితే అంకెలు పోల్చడానికి పనికిరావు. తూటా తుపాకికైతే మూడు మీటర్లు జరపాలి, లేకపోతే మూతి నుంచి వచ్చే వాయువుకే ముందు కన్ను మోసపోతుంది. రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించండి. ఇంకొక మాట: గురి చూసేవారి కన్ను చూసే గీత బ్యారెల్‌కు అయిదారు సెంటీమీటర్ల పైన ఉంటుంది. సైట్లలో దారి ఖాళీగా కనిపిస్తుంది, పెల్లెట్ వచ్చి పరికరానికి తగులుతుంది. నేను ఇలా ఒకటి పగలగొట్టాను. నాది కాదు, మా బావమరిదిది. ఆ మాట ఇప్పటికీ పండగలకు వస్తుంది.

అల్వాల్ అమ్మ:

బాబూ, పరికరం తెచ్చుకున్నాను. మీ అమ్మగారు సకినాలు కూడా కట్టి ఇచ్చారు, ధన్యవాదాలు.

రేంజ్‌లో చివరి లేన్ అడిగి తీసుకుని మొన్న సాయంత్రం పెట్టాం. వరుసగా వచ్చినవి 171, 188, 94, తర్వాత నాలుగుసార్లు ఎర్రర్. 94 చూసి అమ్మాయి నవ్వింది. దసరా తర్వాత దాని నవ్వు విన్నది అదే మొదలు కాబట్టి పరికరాన్ని ఏమీ అనలేకపోతున్నాను. లోపం ఎక్కడ?

మూసారాంబాగ్ రిటైర్డ్:

పైన ట్యూబ్‌లైట్లు ఉన్నాయా? పాతకాలం చోక్‌వి?

మన కరెంటు సెకనుకు యాభై ఆవృత్తాలు. చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ సెకనుకు వందసార్లు మసకబారుతుంది. మన కంటికి తెలియదు, దాని కంటికి తెలుస్తుంది. మసకబారిన ప్రతిసారీ పెల్లెట్ నీడే అనుకుంటుంది. బ్యాటరీతో వెలిగే ఎల్ఈడీ పట్టీలు రెండు, ఒక్కో కంటికి ఎదురుగా, మధ్యలో పలుచని తెల్ల కాగితం అడ్డుపెట్టి అమర్చండి. పాత ఫిలమెంట్ బల్బు దొరికినా మంచిదే, దాని తీగ అంత త్వరగా చల్లారదు.

పరికరం మీద నమ్మకం పోయిందంటారా, ఇంట్లో పిల్లల ఆటలా ఒకటి చెబుతాను. మా మూసారాంబాగ్‌కు ఎవరి పేరు వచ్చిందో ఆ ఫ్రెంచి రేమాండ్ గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోతపోయించడానికి అర్ధ శతాబ్దం ముందే, 1742లో, ఇంగ్లండులో బెంజమిన్ రాబిన్స్ తూటా వేగం కొలిచే పద్ధతి పుస్తకంలో పెట్టాడు. వేలాడే దిమ్మెను తూటాతో కొట్టి, అది ఎంత ఊగిందో చూడటమే. అరకిలో బంకమట్టి ముద్ద చేసి, అది మెలి తిరగకుండా నాలుగు తాళ్లతో, మీటరు ఎత్తు నుంచి వేలాడదీయండి. 0.53 గ్రాముల పెల్లెట్ 172 వేగంతో దిగబడితే ముద్ద 58 మిల్లీమీటర్లు వెనక్కి జరగాలి. 160 అయితే 54. వెనక ఒక స్కేలు, దాని ముందు ఫోను కెమెరా. ఒకటి రెండు మీటర్ల తేడా ఇది పట్టుకోలేదు, కాని 94 అబద్ధమని తేల్చేస్తుంది. కళ్లకు అద్దాలు పెట్టుకోండి, వెనక గోడకు పాత గోనె వేలాడదీయండి, రేంజ్‌లోనే చేయండి, మేడ మీద కాదు.

పది పాయింట్ ఎనిమిది:

మట్టికి ధూల్‌పేట వెళ్లండి అక్కా, వినాయకుడి మట్టి ఏడాది పొడవునా దొరుకుతుంది.

మేడ మీద వద్దన్న మాట నాదీ. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 20 జౌళ్ల శక్తి లోపు, గొట్టం వ్యాసం .177 అంగుళం దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు. మీది 172 దగ్గర 7.8 జౌళ్లే. అయినా లైసెన్సు లేదన్నంత మాత్రాన పక్కింటి కిటికీ అద్దం ఊరుకోదు.

అల్వాల్ అమ్మ:

మూడు శనివారాలు పట్టింది. ఇదిగో లెక్క.

ముద్ద 57 మిల్లీమీటర్లు జరిగింది, ఐదుసార్లలో నాలుగుసార్లు. వేగం 168, 169 అని వచ్చింది. ఎల్ఈడీ పట్టీలు పెట్టాక క్రోనోగ్రాఫ్ కూడా ఆ దరిదాపుల్లోనే చెప్పింది కాబట్టి దాన్ని నమ్మాను.

మొదటి పది షాట్లు, నిమిషానికొకటి: 171, 173, 172, 170, 174, 172, 171, 173, 172, 172. సగటు సరిగ్గా 172, ఎక్కువ తక్కువల మధ్య నాలుగు. ఇది చూసి నా ప్రాణం ఉసూరుమంది. రైఫిల్ బాగానే ఉందన్నమాట, అయితే పిల్లదే లోపం అనుకున్నాను. పరికరం సర్దేస్తుంటే అమ్మాయి నీళ్లు తాగి వచ్చి, ఊరికే ఇంకొకటి కొట్టింది. 181.

అప్పుడు నాలోని ఆడిటర్ లేచి కూర్చుంది. నిమిషానికొకటి చొప్పున నాలుగు కొట్టడం, ఐదు నిమిషాలు ఆగడం, మళ్లీ నాలుగు. ఇలా ఆరుసార్లు. ప్రతిసారీ ఆగిన తర్వాతి మొదటి షాట్ 179 నుంచి 182 మధ్య, మిగతా మూడూ 172 చుట్టూ. సిలిండర్ నిండుగా 200 బార్ ఒత్తిడి ఉన్నప్పుడూ అంతే, సగానికి దిగాకా అంతే. పోటీలో మా పిల్ల మధ్యమధ్య రైఫిల్ స్టాండు మీద పెట్టి కళ్లు మూసుకుంటుంది. పాత రికార్డు కాగితాలు తీసి చూస్తే పైకి పోయిన షాట్లలో ఎక్కువ భాగం అలా ఆగి లేచిన తర్వాతివే. 181కి దిగుడు 15 మిల్లీమీటర్లు, 172కి 16.6. తేడా 1.6, అంటే షాటుకు 0.6. అరవైలో ఎనిమిదిసార్లు ఆగితే 4.8 పాయింట్లు రైఫిల్ ఖాతాలో వేశాను.

మూసారాంబాగ్ రిటైర్డ్:

శభాష్ అమ్మా. రెగ్యులేటర్ లోపలి సీలు పట్టు తప్పింది. గాలి సన్నగా ముందు గదిలోకి కారుతూ ఉంటుంది. వెంటవెంటనే కొడితే కారడానికి వ్యవధి ఉండదు, ఆగితే ఒత్తిడి పేరుకుంటుంది. పది షాట్లు గబగబా కొట్టి చూసే మెకానిక్‌కు ఇది దొరకదు.

ఒక్క సవరణ. 4.8 మొత్తం రైఫిల్ ఖాతాలో వేయకండి. కిందికి పడవలసిన షాట్‌ను ఆ అదనపు వేగం పైకి లేపి బాగుచేసిన సందర్భాలూ ఉంటాయి. సగానికి కాస్త ఎక్కువ వేసుకోండి. మిగతాది కోచ్ గారికి వదిలేయండి. సర్వీసు అయ్యే దాకా, ఆగిన తర్వాత పెల్లెట్ లేకుండా ఒకసారి గాలి వదిలేసి కొడితే సరిపోదా?

పది పాయింట్ ఎనిమిది:

సాధనలో చేయవచ్చు బాబాయ్. పోటీ షాట్లు మొదలయ్యాక అలా గాలి వదలడానికి నిబంధనలు ఒప్పుకోవు.

అల్వాల్ అమ్మ:

నిన్న రైఫిల్ ఇచ్చేశాను. చీటీ మీద ఈ అంకెలన్నీ వరుసగా రాసి సిలిండర్‌కు రబ్బరు బ్యాండుతో కట్టాను. మెకానిక్ చీటీ రెండుసార్లు చదివాడు. ఐదు నిమిషాలు ఆగి తనే ఒకటి కొట్టి చూసుకున్నాడు. నెల అన్నవాడు పది రోజులు అన్నాడు. కోచ్ గారికి కూడా చూపించాను. ఆయన ఏమీ అనలేదు కాని, ఊపిరి పాఠం మాత్రం ఆపలేదు. అమ్మాయి కూడా ఆపమనలేదు.

క్రోనోగ్రాఫ్ ఆదివారం తార్నాకకు తెచ్చి ఇస్తాను బాబూ, అటక మీద పెట్టవద్దు, ఇంకెవరికైనా పనికొస్తుంది. ఈలోగా పది రోజులకు ఎడమచేతి వాటం రైఫిల్ ఎవరి దగ్గరైనా ఉందా? పెల్లెట్లు, గాలి ఖర్చు మాదే.

పది పాయింట్ ఎనిమిది:

మల్కాజిగిరిలో ఒకరి దగ్గర ఉండాలి అక్కా. కనుక్కుని రాత్రికి చెబుతాను. ఆదివారం వచ్చేటప్పుడు మా అమ్మ డబ్బా మరచిపోకండి, రెండుసార్లు అడిగింది.