ఐస్ ప్లాంట్ రిలేకి 0.5 క్లాస్ సీటీ కోర్ పనికొస్తుందా?

ప్రశ్న (భీమవరం): మా రొయ్యల ఐస్ ప్లాంట్ 11 కేవీ ప్యానెల్‌లో 100/5 సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, లైన్‌లోని 100 ఆంపియర్లను 5కి తగ్గించి ఇచ్చేది) ఉందండీ. రెండు కోర్లు: ఒకటి 0.5, రెండోది 5పీ10, 15 వీఏ. ప్యానెల్ బిగించినాయన ఓవర్ కరెంట్ రిలేని (కరెంట్ హద్దు దాటితే సప్లై కట్ చేయించేది) 0.5 కోర్‌కి కలిపేశాడు. అడిగితే "దీనికే కచ్చితత్వం ఎక్కువ" అంటాడు. సీజన్ మొదలైంది, నాకేమో టెన్షన్.

జవాబు (తణుకు): నేను రిలే టెస్టింగ్‌లో చాలా ఏళ్లు చేశాను. ఆయన మాట మామూలు లోడ్ వరకే నిజం. 0.5 అనేది మీటర్ కోసం పెట్టే కోర్. షార్ట్ సర్క్యూట్ లాంటి ఫాల్ట్‌లో అది తొందరగా సాచురేట్ అవుతుంది, అంటే పెరిగిన కరెంట్‌ని సరిగ్గా చూపలేదు. మీటర్ కాలకూడదని అలాగే చేస్తారు. రిలేకి కరెంట్ కావాల్సింది సరిగ్గా అప్పుడే! మీ రెండో కోర్ రిలే కోసమే. 5పీ10 అంటే రేటెడ్ బర్డెన్ (కోర్ మోయగల లోడ్, మీకు 15 వీఏ) మీద 10 రెట్ల కరెంట్, అంటే మీకు 1000 ఆంపియర్లు వచ్చినా కాంపోజిట్ ఎర్రర్ (మొత్తం మీద వచ్చే తప్పు) 5 శాతం దాటదు. మామూలు కరెంట్ దగ్గర రేషియో ఎర్రర్ (100/5 నిష్పత్తిలో వచ్చే తేడా) 1 శాతమే.

జవాబు (పాలకొల్లు): వైరు కూడా లెక్కేయండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, రానూపోనూ 40 మీటర్లుంటే 5 ఆంపియర్ల దగ్గర ఆ 15 వీఏలో అదే సుమారు 7 వీఏ తినేస్తుంది. ఒక రైస్ మిల్లులో ఇది చూడక నేనే తిట్లు తిన్నా.

ప్రశ్న అడిగినవారు: రేపే రిలేని 5పీ10 కోర్‌కి మార్పిస్తానండీ.

జవాబు (తణుకు): సప్లై ఆపి మార్పించండి. లైన్ నడుస్తుండగా సీటీ సెకండరీ తెరిస్తే ప్రాణం మీదకొస్తుంది.