దామాషా, మెజారిటీ: రెండు ఎన్నికల మాటలు

బ్రాడీపేట:
రాజ్యసభ ఎన్నికల వార్తల్లో ‘దామాషా పద్ధతి’ అని రాస్తుంటారు. ఇది జనం వాడే మాటేనా? ‘అనుపాత ప్రాతినిధ్యం’ అంటే పోదా?

సత్యనారాయణపురం:
అనుపాతం లెక్కల పుస్తకంలోది. దామాషా బజారులోది. మీ ఊళ్లో మిర్చి వ్యాపారి ఎవరైనా ఐపీ పెడితే మిగిలిన ఆస్తిని అప్పులవాళ్లు ఎలా పంచుకుంటారు? ఎవరి బాకీకి తగ్గట్టు వారికి, దామాషాగా. అందరికంటే ఎక్కువ అప్పిచ్చినవాడు మొత్తం పట్టుకుపోతే ఊరుకుంటారా? లోక్‌సభ ఎన్నికల్లో మాత్రం ఊరుకుంటున్నాం.

2019లో తెలుగుదేశానికి రాష్ట్రంలో దాదాపు 40 శాతం ఓట్లు వచ్చాయి. 25 స్థానాల్లో దక్కినవి 3: శ్రీకాకుళం, మీ గుంటూరు, మా విజయవాడ. 2024లో వైకాపాకూ ఇంచుమించు అన్నే ఓట్లు, దక్కినవి 4. ఓట్ల లెక్కన పంచితే రెండుసార్లూ ఓడిన పక్షానికి పదేసి రావాలి. (అభిమానులు ఇక్కడ కొట్టుకోనక్కరలేదు, నష్టం చెరొకసారి జరిగింది.)

గవర్నరుపేట:
మాస్టారూ, 2025 ఫిబ్రవరిలో కృష్ణా–గుంటూరు పట్టభద్రుల స్థానానికి పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేశాం కదా. అదీ దామాషాయేనా?

సత్యనారాయణపురం:
రాజ్యాంగం 171వ అధికరణంలో పేరు అదే. కానీ ఉన్నది ఒక్క సీటు, ఇక వంతులెక్కడివి? చెల్లిన ఓట్లలో సగానికి పైగా ఎవరికీ రాకపోతే, అట్టడుగున ఉన్నవారిని తప్పించి వారి ఓట్లను రెండో ప్రాధాన్యం ప్రకారం పైవాళ్లకు కలుపుతారు. రాజ్యసభకు ఒకేసారి మూడు నాలుగు ఖాళీలు వచ్చినప్పుడే ఆ పేరుకు న్యాయం జరుగుతుంది.

నా అభ్యంతరమల్లా ‘మెజారిటీ’ మీద. 2019లో గుంటూరు లోక్‌సభ స్థానంలో తేడా నాలుగు వేల పైచిలుకు ఓట్లు. గెలిచినవారికి సగం ఓట్లు రాలేదు. అయినా ‘నాలుగు వేల మెజారిటీ’ అని రాసేశాం, చదివేశాం. రెండో స్థానంలో ఉన్నవారి మీద ఆధిక్యాన్ని మెజారిటీ అనడం అలవాటైపోయి, ఎక్కువమంది వద్దన్నా గెలవవచ్చన్న సంగతే మనకు తట్టదు.

బ్రాడీపేట:
ఒప్పుకుంటాను. కానీ లోక్‌సభకు దామాషా పెట్టి, అభ్యర్థికి బదులు పార్టీ ఇచ్చే జాబితాకు ఓటు వేస్తే మా వీధి గోడు ఎవరికి చెప్పుకోవాలి? ఆ జాబితా కూడా అధినేతే రాస్తాడు.

సత్యనారాయణపురం:
ఇప్పుడు పార్టీ టికెట్టు ఇచ్చే బీ-ఫారం ఎవరి చేతిలో ఉందండీ? మొదటి ప్రశ్న మాత్రం గట్టిదే. న్యూజిలాండ్‌లో 1996 నుంచి ఒక్కొక్కరికి రెండు ఓట్లు: ఒకటి స్థానిక అభ్యర్థికి, ఒకటి పార్టీకి. మీ ప్రతినిధి మీకుంటాడు, సభలో మొత్తం బలం పార్టీ ఓట్లను బట్టి జాబితా సీట్లతో సర్దుతారు.

గవర్నరుపేట:
రాజ్యాంగ సభలో అంబేడ్కర్ దామాషా పద్ధతిని వద్దన్నారు కదా?

సత్యనారాయణపురం:
అన్నారు, 1949లో. అక్షరాస్యత చాలదని, సభ ముక్కలై స్థిరమైన ప్రభుత్వం ఉండదని. మొదటి కారణం ఇప్పుడు చెల్లదనుకుంటాను. రెండోదాన్ని తేలిగ్గా తీసుకోను. చిన్నాచితకా పార్టీలతో సభ నిండకుండా న్యూజిలాండ్‌లో పార్టీ ఓట్లలో 5 శాతం రావాలనో, కనీసం ఒక నియోజకవర్గం గెలవాలనో గీత గీశారు. మనం ఆ నియోజకవర్గం వెసులుబాటు లేకుండా 5 శాతాన్ని మాత్రమే దేశం మొత్తం మీద లెక్కిస్తే తెలుగుదేశం, వైకాపా రెండూ జాబితా సీట్లకు దూరమవుతాయి. 2024లో దేశవ్యాప్తంగా ఒక్కోదానికీ వచ్చింది 2 శాతం దగ్గరే. కాబట్టి మన దగ్గర గీత రాష్ట్రాల వారీగా ఉండాలి.