తలుపున్న స్నానాల టబ్బు పెట్టించడానికి మన వైపు ఎంతవుతుంది? పెట్టించినవాళ్లు చెప్పండి

బరంపురం ఆడపడుచు:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 78 ఏళ్లు. రెండేళ్ల కిందట బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక చేతికర్రతో ఇంట్లో బాగానే తిరుగుతున్నారు. స్నానం దగ్గరే భయం. వీపు రుద్దడానికి మా తమ్ముడు పక్కనే ఉంటాడు. తల మీద నీళ్లు పడి కళ్లు మూసుకోగానే ఎడమ చెయ్యి గోడంతా తడుముకుంటుందట, పట్టుకోవడానికి ఏమైనా దొరుకుతుందేమోనని. వాడు ఆ మాట చెప్పిన దగ్గర్నుంచి నాకు ఒకటే టెన్షన్.

అమెరికాలో మా పిన్ని కూతురింట్లో వాక్-ఇన్ బాత్‌టబ్ ఉంది, వీడియో కాల్‌లో చూపించింది. పక్కనున్న తలుపు తీసుకుని లోపలికి అడుగుపెట్టి, సీటు మీద కూర్చుని, తలుపు బిగించి నీళ్లు వదులుకోవడమే. హైదరాబాదులో ఒక డీలరు టబ్బుకే 2,40,000 చెప్పారు, రవాణా, బిగింపు వేరేనట. మాది మేడ మీద బాత్రూం, 5 బై 7 అడుగులు. మన వైపు ఎవరైనా పెట్టించారా?

పర్లాకిమిడి వాసి:
అక్కా, మేం మా అమ్మ కోసం 2023లో పెట్టించాం. ఆవిడకి కీళ్లవాతం, పొద్దున్నే వేళ్లు ముడుచుకుపోతాయి. లెక్క రాసుకున్న పుస్తకం చూసే చెబుతున్నాను. టబ్బు 1,85,000. విశాఖ నుంచి తేవడం, దించడం 11,000. గోడ పగలగొట్టడం, మళ్లీ కట్టడం, టైల్సు కలిపి 28,000. ప్లంబింగు 14,000. 50 లీటర్ల గీజర్ 15,000. ప్రెషర్ పంపు 9,000. కరెంటు పని 6,500. మొత్తం 2,68,500.

గోడ ఎందుకు పగలగొట్టామంటే, టబ్బు వెడల్పు 28 అంగుళాలు, మా బాత్రూం గుమ్మం లోపలి కొలత 27. బండి దిగేదాకా ఎవరికీ తట్టలేదు. వర్షంలో టబ్బు మీద టార్పాలిన్ కప్పి రెండు రోజులు అరుగు మీద ఉంచాం. డబ్బు కట్టకముందే ముందు గుమ్మం, తర్వాత వరండా మలుపు, ఆ తర్వాత బాత్రూం గుమ్మం టేపు పెట్టి కొలవండి.

ఇక నీళ్లు. మనిషి కూర్చున్నాక మా టబ్బుకి ఇంకా 150 లీటర్లు పడతాయి. పాత 25 లీటర్ల గీజర్‌తో మొదటి రోజు మోకాళ్ల దాకా కూడా వేడినీళ్లు రాలేదు. 60 డిగ్రీల దాకా కాగిన 25 లీటర్లకి చన్నీళ్లు కలిపితే ఒంటికి సరిపడే నీళ్లు 58 లీటర్లే వస్తాయి, అదీ ఎండాకాలం లెక్క. డాబా మీద ట్యాంకు నుంచి వచ్చే ప్రెషర్‌కి టబ్బు నిండడానికి 25 నిమిషాలు పట్టింది. అందుకే పంపు పెట్టించాం.

ఏ డీలరూ చెప్పని విషయం ఒకటుంది. తలుపు లోపలికి తెరుచుకునే రకం కాబట్టి నీళ్లు నిండేటప్పుడు లోపలే కూర్చోవాలి, నీళ్లన్నీ పోయేదాకా బయటికి రాకూడదు. మాకు పాత గొట్టం సన్నది. స్నానం అయ్యాక అమ్మ పావుగంట సేపు తడి ఒంటితో, భుజాల మీద తువ్వాలు కప్పుకుని వణుకుతూ కూర్చుంది. రెండంగుళాల గొట్టం వేయించాక ఆరేడు నిమిషాలకి వచ్చింది. అయినా చెబుతున్నాను, గోరువెచ్చటి నీళ్లలో అరగంట కూర్చున్న రోజున అమ్మ తన జడ తనే వేసుకుంటుంది. మాకు ఆ డబ్బు వృథా అనిపించలేదు.

గుణుపురం కోడలు, టెక్సాస్:
ఇక్కడి సంగతి చెబుతాను. మా మావయ్యగారి కోసం కిందటేడు కొటేషన్లు తీసుకున్నాం. సాదా టబ్బు అయితే కొన్ని వేల డాలర్లలో దొరుకుతుంది, కూలి, ప్లంబింగు, వైరింగు కలిసేసరికి పది వేలు దాటిపోతుంది. మాకు ఇంటికి వచ్చి చూసినాయన 14,000 చెప్పి, ఈ ధర ఈ రోజుకే అని సంతకం పెట్టమన్నాడు. మేం పెట్టలేదు. నాలుగు రోజుల తర్వాత తనే ఫోను చేసి 11,500 అన్నాడు. ఇక్కడి ఒరిజినల్ మెడికేర్ (పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) మామూలుగా ఈ టబ్బుకి డబ్బివ్వదు, వైద్య పరికరాల కింద లెక్కపెట్టదు. అక్కడ కూడా "ఈ రోజే ఆఫర్" అంటే తొందరపడొద్దు వదినా.

జయపురం కాంట్రాక్టరు:
మేడ మీద అన్నారు కాబట్టి రాస్తున్నాను అమ్మా. టబ్బు, నీళ్లు, మనిషి కలిపితే 275 నుంచి 300 కిలోలు. ఆ బరువంతా ఒక చదరపు మీటరు జాగా కూడా లేని చోట పడుతుంది. ఇళ్లలో గదులకీ బాత్రూంలకీ స్లాబ్ లెక్క కట్టేటప్పుడు మనుషులు, సామాన్ల బరువు కింద చదరపు మీటరుకి 200 కిలోలు తీసుకుంటారు. దాటిందని స్లాబ్ వెంటనే కూలిపోతుందని కాదు. టబ్బు గోడవార, దూలానికి దగ్గరగా ఉంటే ఫరవాలేదు అనిపించే ఇళ్లూ ఉన్నాయి. కానీ పాత ఇల్లయితే, కింద గదిలో పెచ్చులు రాలుతుంటే, ఇనుము తుప్పు కనిపిస్తుంటే ఇంజినీరు చూడకుండా పెట్టొద్దు. నేల మీద గదిలో అయితే ఈ బాధ లేదు. ఎక్కడ పెట్టినా గీజర్ లైనుకి ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) తప్పనిసరి. నీళ్లలో కూర్చునే మనిషి విషయం ఇది, బేరం ఆడొద్దు.

రాయగడ అల్లుడు:
మేం కూడా టబ్బు అనుకునే మొదలుపెట్టి, 31,000 ఖర్చుతో ఆగాం. మా అత్తగారి వయసు 74, బరువు ఎక్కువ, పాదం ఎత్తడం కష్టం. టబ్బు గడప తక్కువే అంటారు గానీ నాలుగు నుంచి ఆరంగుళాలు ఉంటుంది. ఆ ఎత్తు పీట ఒకటి గుమ్మంలో పెట్టి "దీని మీంచి దాటండి అత్తయ్యా" అన్నాం. రెండుసార్లు ప్రయత్నించి గోడ పట్టుకుని ఆగిపోయారు. మాకు అక్కడే తేలిపోయింది. మీరూ కొనేముందు నాన్నగారితో అలా ఒకసారి చేయించి చూడండి.

మేం చేయించింది ఇది. నున్నటి టైల్సు తీయించి గరుకు టైల్సు వేయించాం. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట రెండు స్టీలు రాడ్లు, నేల నుంచి 33 అంగుళాల ఎత్తులో. టైలుకి కాకుండా లోపలి ఇటుకలోకి దిగేలా పొడవాటి బోల్టులు వేయమని పక్కనే నిలబడి చేయించాను. తువ్వాలు ఆరేసే రాడ్డు ఎప్పుడూ పట్టుకోనివ్వొద్దు, అది మనిషి బరువు ఆపదు. రబ్బరు కాళ్ల స్నానాల కుర్చీ, పొడవాటి గొట్టంతో హ్యాండ్ షవర్. అన్నిటికంటే ముఖ్యం, బాత్రూం తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించాం. లోపల మనిషి తలుపుకి అడ్డంగా పడిపోతే లోపలికి తోసే తలుపు రాదు. మా పక్కింట్లో అలాగే జరిగింది. తలుపు పగలగొట్టేసరికి చాలాసేపయింది. ఆ పెద్దాయన దక్కలేదు.

పర్లాకిమిడి వాసి:
అల్లుడుగారు చెప్పింది నిజం. మా అమ్మకి నడక ఉంది, నొప్పే సమస్య. పడిపోతారనే భయం ఒక్కటే అయితే నేనూ ముందు రాడ్లే వేయించేవాణ్ణి.

బరంపురం ఆడపడుచు:
అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం కొలిచాను. మేడ మీద బాత్రూం గుమ్మం 26 అంగుళాలే. మెట్ల మలుపులో బీరువా ఎక్కించడానికే అప్పట్లో నలుగురు పట్టాల్సి వచ్చింది. నాన్నగారితో పీట దాటించి చూశాను. కుడికాలితో దాటారు, ఆపరేషన్ అయిన ఎడమకాలు మాత్రం తగిలింది.

ఆయన్నే కూర్చోబెట్టి అడిగాను. "నూతి దగ్గర పీటేసుకుని చెంబుతో పోసుకునేవాణ్ణి, నాకు నిలబడి స్నానం అలవాటే లేదమ్మా, మీరు షవర్ పెట్టించాక నిలబడుతున్నాను" అన్నారు. ఇన్నాళ్లూ ఆ మాట మేం అడగనే లేదు.

సామాన్ల గది ఖాళీ చేసి నాన్నగారి మంచం కిందకి మారుస్తున్నాం, ఆ పక్క బాత్రూం బాగుచేయిస్తాం. సోమవారం మేస్త్రీ వస్తాడు. రాయగడ అన్నయ్యా, రాడ్డు 33 అంగుళాలు అన్నారు, కుర్చీలోంచి లేవడానికి కూడా అదే ఎత్తు సరిపోతుందా? నాన్నగారు అయిదడుగుల రెండంగుళాలు.

రాయగడ అల్లుడు:
బోల్టులు వేయకముందు కుర్చీలో ఆయన్నే కూర్చోబెట్టి లేవమనండి చెల్లెమ్మా. చెయ్యి దానంతటదే ఎక్కడికి వెళ్తుందో అక్కడ పెన్సిల్ గీత పెట్టించండి. మా అత్తయ్యకి రెండో రాడ్డు అలాగే వేశాం, 30 దగ్గర వచ్చింది.